నల్లరాయి మీద ఉత్తరం

నేను ఒక హోకాయంత్రాన్ని. ఇప్పటివాళ్లు దిక్సూచి అంటారు. నా దగ్గర ఉన్న సరుకు ఒక్కటే, ఉత్తరం. అదొక్కటే పెట్టుకుని, దానికి గిరాకీ బొత్తిగా లేని ఊళ్లో బతుకులో సగం గడిపాను. పోనీ ఉన్న ఒక్క సరుకైనా నికార్సుగా అమ్మానా అంటే అదీ లేదు. ఒకసారి ఒక ఇల్లాలికి కల్తీది అంటగట్టాను. ఆ కల్తీ బయటపడటానికి నలభై ఏళ్లు పట్టింది. నా గురించి చెప్పుకోదగ్గ సంగతి అదొక్కటే కనక, దాని దగ్గరికే నడిపిస్తాను.

పుట్టింది కోరంగిలో. గోదావరి పాయ సముద్రంలో కలిసే ఆ రేవులో అప్పటికే ఓడలు కట్టే చప్పుడు తగ్గిపోయింది. పేరయ్యాచారి అనే కంచరి నా డిప్పను ఇత్తడితో పోతపోసి, ఉక్కుముల్లును సూదంటురాయి మీద నూటఎనిమిది సార్లు రుద్ది, ఇరుసు మీద నిలబెట్టాడు. ముల్లు రెండుసార్లు ఊగి ఉత్తరాన ఆగింది. ఆయన తృప్తిగా ముక్కుపొడుం పీల్చి, "ఇది ఇక చచ్చినా తల తిప్పదు" అన్నాడు. పాపం, నన్ను తయారుచేసిన మనిషికి నా మీద ఎంత నమ్మకమో చూడండి.

ఆ దేశంలో దిక్కులకు గిరాకీ ఎక్కువ. తినేవాడు తూర్పుకు తిరిగి కూచుంటాడు. పడుకునేవాడు ఉత్తరానికి తల పెట్టడు. బావి ఈశాన్యాన ఉండాలి, పొయ్యి ఆగ్నేయాన ఉండాలి. వంటగది పేరు పడమటిల్లు. పక్కవాణ్ణి జరగమనాలన్నా "కాస్త దక్షిణానికి జరుగు" అంటారు. ఇదంతా చూసి, లోకమంతా నా ఖాతాదారులే అనుకున్నాను. ఒక్క ఊరు చూసి లోకాన్ని అంచనా కట్టడం కొత్త వర్తకులు చేసే పొరపాటు. నేనూ చేశాను.

ఒక సరంగు నన్ను పినాంగు దాకా తీసుకెళ్లి, అక్కడ బూగిస్ జాతి ఓడనాయకుడు దాయెంగ్ మపాతాకు ఇచ్చి, బదులుగా ఒక పాత తెరచాప పుచ్చుకున్నాడు. తెరచాపకు రెండు చిరుగులున్నాయి. సరంగు ఆ సంగతి ఎత్తితే, దాయెంగ్ ఒక బుట్టెడు ఎండుచేపలు కలిపాడు. అంటే నా విలువ ఒక చిరుగుల తెరచాప, ఆ పైన చేపలు. పేరయ్యాచారికి ఈ సంగతి తెలియకపోవడమే మేలు.

దాయెంగ్ దగ్గర నలభై ఏళ్లున్నాను. సెలెబిస్ నుంచి మలుకు దీవులకు బియ్యం, గుడ్డలు వెళ్లేవి, లవంగాలు, జాజికాయ వచ్చేవి. ఆయన నక్షత్రాలు చూసేవాడు, అలల వాలు చూసేవాడు, సాయంత్రం పక్షులు ఎటు పోతున్నాయో చూసేవాడు. ఎటు వెళ్లాలో తేల్చుకున్నాక, చివర్లో నా మూత తీసి ఒకసారి చూసేవాడు. పెళ్లిలో అన్నీ అయిపోయాక ఊరిపెద్దను పిలిచి తాంబూలం ఇచ్చినట్టుండేది నా పని. అయినా ఓడను నేనే నడుపుతున్నానని అనుకునేదాన్ని. ఆయన చూపు మందగించాక చివరి సరుకు దించిన ఊళ్లోనే నన్ను వదిలేశాడు. ఆ ఊరు తెర్నాతే.

తెర్నాతే ఒక అగ్నిపర్వతం. ఊరు అని వేరే ఏమీ లేదు. సముద్రంలోంచి గమలామా అనే కొండ గుండ్రంగా లేచింది, దాని పాదాల చుట్టూ కాస్త నేల మిగిలింది, ఆ నేల మీద జనం ఇళ్లు కట్టుకున్నారు. దీవి చుట్టూ రోడ్డు. పొద్దున్నే సైకిలెక్కి ఒక వైపు బయల్దేరిన మనిషి, ఎక్కడా వెనక్కి తిరగకుండా మధ్యాహ్నానికి తన గుమ్మంలోనే దిగుతాడు. ఎదురుగా నీళ్ల మీద మైతారా అనే బుల్లి దీవి, దాని వెనక తిదోరె కొండ. వెనక పొగ కక్కే గమలామా. ఎత్తు మీద సుల్తాను గారి కోట, సముద్రం వైపు ముఖం పెట్టుకుని ఉంటుంది. రేవు దగ్గర డచ్చివాళ్ల కోట, ఇంకో మూల పోర్చుగీసువాళ్ల కోట. వాళ్లందరూ లవంగం మొగ్గ కొనడానికే వచ్చారు. కొనడానికి వచ్చినవాళ్లు ఫిరంగులు ఎందుకు తెచ్చుకున్నారో నాలాంటి వర్తకపు బుద్ధికి ఇప్పటికీ అందదు. ఒక కాలంలో డచ్చివాళ్లు, లవంగం తమ చేతిలోనే ఉండాలని ఈ దీవి మీది చెట్లన్నీ నరికించారట. ఇక్కడ బిడ్డ పుడితే ఒక లవంగం మొక్క నాటుతారు. చెట్టు బాగుంటే బిడ్డ బాగుంటుందని నమ్మకం. నరుకుడు నాడు ఎన్ని ఇళ్లల్లో తల్లులు పిల్లల నుదుళ్లు తడిమి చూసుకుని ఉంటారో.

నన్ను తీసుకున్నది కో లియాంగ్. కో అంటే చైనావాళ్ల మాటలో అన్న. అప్పుడాయన పాతికేళ్లవాడు. రేవు వీధిలో మేకులు, తాళ్లు, లాంతర్లు అమ్ముతూ లవంగాలు కొనేవాడు. నన్ను బల్ల మీద, అందరికీ కనబడేచోట పెట్టాడు. మొదటి రోజే నాకు సంగతి అర్థమైంది.

ఒక బెస్తవాడు వచ్చి, "కో, ఆ లాంతరు ఇవ్వు" అన్నాడు.

"ఏది?"

"లావో పక్కది. దారా పక్కదానికి గాజు పగిలింది."

లావో అంటే సముద్రం వైపు, దారా అంటే కొండ వైపు. ఇక్కడ ఉన్న దిక్కులు ఇవే. భోజనం దగ్గర గిన్నె లావోకు జరుపుతారు. "నీ దారా చెంప మీద మసి ఉంది" అంటారు. ఊళ్లో తూర్పున ఉన్న సముద్రం, అవతలి ఒడ్డుకు వెళితే పడమరకు పోతుంది. వాళ్లకు అదేమీ ఇబ్బంది కాదు. కొండ నడుమనే ఉంది, నీళ్లు చుట్టూ ఉన్నాయి, మనిషి ఆ రెంటి మధ్యా ఉన్నాడు. ఇందులో ఉత్తరం ఎక్కడ ఇమడాలి? నేను రోజంతా బల్ల మీద ఉత్తరం చూపిస్తూనే ఉండేదాన్ని. ఒక్కడూ అడగలేదు. కాగితాలు ఎగరకుండా నన్ను వాటి మీద పెట్టేవారు. ఆ పనిలో మటుకు నా మీద ఎవరూ ఫిర్యాదు చెప్పలేదు.

కొన్నేళ్లకు జావా నుంచి సుగెంగ్ అనే కొలతల ఉద్యోగి వచ్చాడు. పొలాల హద్దులు కొలిచి కాగితం మీద పెట్టాలని ప్రభుత్వం పంపింది. పడవ దిగుతుంటే ఆయన పరికరాల పెట్టె జారి, పడవకూ గట్టుకూ మధ్య నీళ్లలో పడింది. ఆయన తడిసిన చేతులతో కో లియాంగ్ కొట్టుకు వచ్చి నిలబడ్డాడు. కో లియాంగ్ నన్ను తుడిచి, రెండు చేతులతో అందించాడు. అన్నేళ్లకు నా సరుకు అడిగినవాడు దొరికాడు. అత్యాశకు పోయే వర్తకుడు మొదటి బేరంలోనే ఎలా దెబ్బతింటాడో, నేనూ అలాగే తిన్నాను.

దీవి ఉత్తరపు ఒడ్డున, కాస్త ఈశాన్యానికి, బాతు ఆంగుస్ అనే చోటుంది. కాలిన రాయి అని అర్థం. వెనకటికి ఎప్పుడో గమలామా కక్కిన నిప్పు సముద్రం దాకా పారి గడ్డకట్టి, నల్లరాళ్ల మైదానమైంది. దాని పక్క పల్లెలో జాఫర్ అనే రైతు, అతని చెల్లెలు రుగాయా, తండ్రి ఇచ్చిన లవంగం తోటను చెరిసగం ఏలుకుంటున్నారు. తండ్రి పోతూ నోటిమాటగా హద్దు చెప్పాడు. చీలిన నల్లరాయి దగ్గర్నుంచి లావో. పొద్దు పొడిచే పక్క జాఫర్‌ది, రెండో పక్క రుగాయాది. రుగాయా అప్పటికే తన హద్దు పొడవునా పెద్దబిడ్డ పేర ఒకటి, రెండో బిడ్డ పేర ఒకటి, రెండు లవంగం మొక్కలు నాటింది.

"హద్దు ఎటు పోతుంది?" అన్నాడు సుగెంగ్.

"లావో" అన్నాడు జాఫర్.

"అంటే సముద్రం. ఇది దీవి కదయ్యా, సముద్రం అన్ని పక్కలా ఉంది. ఏ దిక్కో చెప్పు, రాసుకుంటాను."

"రాయెక్కి చూడండి పాక్" అంది రుగాయా, తాడు కొస పట్టుకుని. పాక్ అంటే అయ్యగారు. "అక్కడ్నుంచి ఒక్క సముద్రమే కనబడుతుంది."

సుగెంగ్ నవ్వి, రాయెక్కి, నన్ను ఆ చీలిక పక్కనే పెట్టాడు. నిజానికి అక్కడ లావో ఉత్తరం కాదు, ఉత్తరానికి కొంచెం తూర్పుగా ఒరిగి ఉంటుంది. కానీ ఆ నల్లరాయి నిండా ఇనుము. నన్ను పెట్టగానే నడుం పట్టుకుని లాగినట్టయింది. ఇదేదో ముసలితనం అనుకున్నాను. ఇంతకాలానికి ఒక పెద్దమనిషి నన్ను నమ్మి వంగి చూస్తుంటే, నడుం నొప్పి సంగతి ఎవరు చెబుతారు? ముల్లు రెండుసార్లు ఊగి, సరిగ్గా సముద్రం మీద ఆగింది.

"అదిగో, సూటిగా ఉత్తరం" అన్నాడు సుగెంగ్, కాగితం మీద రాసుకున్నాడు. నిజాయితీపరుడు. తన పరికరం నీళ్లలో పడిందనీ, లియాంగ్ కొట్టు నుంచి హోకాయంత్రం అరువు తెచ్చి కొలిచాననీ కింద చిన్న అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. కాగితం మీద హద్దు ఉత్తరం, నేల మీద హద్దు లావో. రెండూ ఆ పూటకు ఒకే వైపు చూపించాయి కనక అందరూ సరేననుకుని కొబ్బరినీళ్లు తాగారు.

తిరిగొచ్చాక కో లియాంగ్ నన్ను కాగితాల మీద పెట్టడం మానేశాడు. ఎర్రగుడ్డ మీద పెట్టాడు. "ఈ దీవిని కొలిచింది ఇదే" అనేవాడు వచ్చినవాళ్లందరితో. బాదంలాంటి కెనారి పప్పు తేలే అల్లం కషాయం తాగుతూ బెస్తవాళ్లు ఆటపట్టించేవారు. "దీవి చుట్టూ తిరిగితే ఇంటికే వస్తాం కదా కో, దానికి ముల్లెందుకు?" అనేవారు. "మీకు అర్థం కాదు" అనేవాడాయన. అలా నలభై ఏళ్లు. ఆయన జుట్టు నెరిసింది. నా ఇత్తడి మెరుస్తూనే ఉంది, ఎందుకంటే ఆయన రోజూ తుడిచేవాడు. నా అబద్ధానికి అంత మెరుగు పెట్టినవాడు ఇంకొకడు లేడు.

ఈలోగా జాఫర్ పోయాడు. అతని కొడుకు ఖైముద్దీన్ పెద్దవాడయ్యాడు. నల్లరాళ్లను చూడటానికి బయటి ఊళ్లవాళ్లు రావడం మొదలైంది. వాళ్లు కూచుని కాల్చిన చేప తింటూ సముద్రాన్ని చూసేలా ఒక హోటలు కట్టాలని ఖైముద్దీన్ ఆలోచన. అది తప్పుడు ఆలోచన కాదు. కట్టడానికి కొత్త పట్టా కావాలి, పట్టాకు కొత్త కొలత కావాలి. భూముల కచేరీ నుంచి మెర్సీ అనే అధికారిణి వచ్చింది. ఆమె పరికరం ఆకాశంలో ఉపగ్రహాలతో మాట్లాడుతుంది, నల్లరాళ్లను లెక్కచేయదు. పాత కాగితం తీసి చూసింది. చీలిన రాయి నుంచి సూటిగా ఉత్తరం అని ఉంది. ఆమె సూటిగా, నిజమైన ఉత్తరానికే నడిచింది. రాయి దగ్గర బెత్తెడు తేడా. సముద్రపు ఒడ్డుకు చేరేసరికి అరవై అంగలు. ఆ అరవై అంగల్లో రుగాయా చెట్లు ఏడు ఖైముద్దీన్ వాటాలోకి వెళ్లిపోయాయి.

ఏడూ ఏడుగురు పిల్లల చెట్లు. ఖైముద్దీన్ మరునాడే వాటికి సున్నం గుర్తులు పెట్టించాడు. కొట్టెయ్యడానికి.

రుగాయాకు అప్పటికి అరవై అయిదేళ్లు. పల్లెలో అందరూ ఆమెను యాయా అంటారు, అంటే అమ్మ. మేనల్లుడు గుర్తులు పెడుతుంటే చెట్టు కింద కూచుని లవంగం కాడలు తుంచుతూ చూసిందట. ఈ మాటలు తరవాత పదిమంది చెప్పుకోగా విన్నాను.

"ఖైమూ, ఆ మూడోదానికి సున్నం ఇంకాస్త దట్టంగా పెట్టు."

"ఎందుకు యాయా?"

"అది నీది. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ మంచం పట్టింది, నేనే నాటాను. ముందు దాన్నే కొట్టు, తరవాత తలనొప్పి వస్తే నా దగ్గరికి మందుకు రాకు."

అతను చెట్టు వంక చూసి, చూపు తిప్పుకున్నాడు. "కాగితం నేను రాయలేదు యాయా. ఉత్తరం అటే ఉంది. నేనేం చెయ్యను?"

అభ్యంతరం చెప్పడానికి పదిహేను రోజులు గడువిచ్చారు. రుగాయా పాత కాగితాన్ని పల్లెపెద్ద చేత రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి చదివేటప్పుడు అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవమంది. మరునాడు పొద్దున్నే కో లియాంగ్ కొట్టు ముందు దిగింది.

"కో, నీ ముల్లు ఇంకా ఉందా?"

"దీవిని కొలిచిన ముల్లు. ఎక్కడికి పోతుంది?"

"ఒక పూట అరువివ్వు."

"ఇన్నాళ్లకు నీకెందుకు యాయా?"

"కాగితంలో ఉత్తరం అన్నది అదేనట. ఎవరన్నారో వాళ్లనే కదా అడగాలి."

కో లియాంగ్ ఎర్రగుడ్డ అంచు సర్దాడు. ఆమె ఏమడుగుతోందో ఆయనకు తెలిసింది. నాకూ తెలిసింది. ఆ నడుం నొప్పి నాకు ఇంకా గుర్తుంది.

"అది తప్పు చెప్పిందని తేలితే?"

"నా చెట్లు నాకుంటాయి."

"నా మాట ఏం కావాలి మరి? నలభై ఏళ్లుగా చెబుతున్నాను."

"నలభై ఏళ్లు చెప్పావు, మేం విన్నాం. ఇంకెంతకాలం వినాలి?"

ఆయన వంగి నా ముల్లు వంక చూశాడు. నేను ఉత్తరం చూపించాను. నాకు తెలిసిందల్లా అదే. చివరికి నన్ను చేతిరుమాలులో చుట్టి, "నేనే తెస్తాను, నీ చేతికివ్వను" అన్నాడు.

రాయి దగ్గర పల్లె సగం చేరింది. ఖైముద్దీన్ చేతులు కట్టుకుని ఒక పక్కగా ఉన్నాడు. మెర్సీ గారు నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇంత పాత పరికరం మాట నేను లెక్కలోకి తీసుకోలేనమ్మా."

"తీసుకున్నావు తల్లీ" అంది రుగాయా. "దాని మాట పట్టుకునే నా చెట్ల మధ్యనుంచి నడిచావు. నేను అడిగేదల్లా, ఆ మాట ఎక్కడ కూచుని అందో అక్కడే ఇంకోసారి అనమను."

మెర్సీ గారు పక్కకు తప్పుకుంది. కో లియాంగ్ మోకాళ్లు పట్టుకుని రాయెక్కి, నన్ను చీలిక పక్కన పెట్టాడు. ఈసారైనా నిటారుగా నిలబడదామని నేను చేసిన ప్రయత్నం ఎవరికీ కనబడలేదు. రాయి నన్ను పట్టుకుని లాగింది. ముల్లు రెండుసార్లు ఊగి, నలభై ఏళ్ల కిందట ఎక్కడ ఆగిందో అక్కడే, సముద్రం మీద ఆగింది. మెర్సీ గారి పరికరం ఉత్తరాన్ని ఇంకో పక్క చూపిస్తోంది.

ఆమె నన్ను తీసుకుని పది అంగలు వేసి, తోటలో మట్టి మీద పెట్టింది. ముల్లు బుద్ధిగా తిరిగి, ఆమె పరికరంతో ఏకీభవించింది. మళ్లీ రాయి మీద పెట్టింది. మళ్లీ సముద్రం. మళ్లీ మట్టి. మూడోసారికి జనం నవ్వు ఆపుకోలేకపోయారు.

"కో, నీ యంత్రం రాతిని చూసి మాట మార్చేస్తోంది" అన్నాడు ఒక బెస్తవాడు.

"నా కొట్టులో ఉన్నంతకాలం బుద్ధిగానే ఉంది" అన్నాడు కో లియాంగ్. "బయట ఏం చేస్తుందో నాకేం తెలుసు."

నా అబద్ధం అలా పట్టుబడింది. ఆశ్చర్యమేమిటంటే, పట్టుబడిన ఆ పూటే నా వల్ల ఒకరికి మేలు జరిగింది. అన్నేళ్లు ఓడలో నిజం చెప్పి నేను ఒడ్డుకు చేర్చినవాళ్లెవరూ నా పేరెత్తలేదు. అబద్ధం చెప్పానని తేలగానే పల్లె మొత్తం నన్ను తలోసారి చేతిలోకి తీసుకుని చూసింది.

మెర్సీ గారు కాగితం తీసింది. అందులో హద్దు రాయడానికి తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు గళ్లున్నాయి. ఆమె కలంతో ఆ గళ్లను ఒక్కొక్కటే తాకుతూ వచ్చింది. "మీ నాన్న ఏమన్నాడు?" అని అడిగింది రుగాయాను.

"చీలిన రాయి నుంచి లావో."

నాలుగు గళ్ల మీదా అడ్డంగా ఒక గీత గీసి, పక్కనున్న ఖాళీలో ఆ మాటే రాసింది. ఖైముద్దీన్ అప్పటికే ఒక బకెట్టు నీళ్లు, పీచు తెచ్చుకుని చెట్ల మీది సున్నం కడుగుతున్నాడు. ముందు మూడో చెట్టే కడిగాడు. మనిషి కదా.

"హోటలు ఎక్కడ కట్టమంటావు యాయా?" అన్నాడు కడుగుతూనే.

"నీ వాటాలో కట్టు. చెట్ల నీడ మీ పక్కకే పడుతుంది. నీడకు హద్దు నేను అడగను."

కథ ఇక్కడితో అయిపోతే నేను ఎర్రగుడ్డ మీదికి తిరిగి వెళ్లి, కాస్త సిగ్గుపడుతూ కూచునేదాన్ని. కానీ మెర్సీ గారు వెళ్లబోతూ ఆగి కో లియాంగ్‌ను అడిగింది. "సుగెంగ్ గారు ఈ యంత్రంతో ఇంకా ఎన్ని హద్దులు కొలిచారు?"

కో లియాంగ్ గర్వంగా చెప్పబోయి, మధ్యలో గొంతు తగ్గించాడు. "ఇరవై మూడు."

ఇప్పుడు నాకు పనే పని. వారానికో రోజు కో లియాంగ్ నన్ను రుమాలులో చుట్టుకుని, మెర్సీ గారి జీపులో దీవి చుట్టూ తిరుగుతున్నాడు. సుగెంగ్ నన్ను పెట్టిన ప్రతి రాయి మీదా మళ్లీ పెడుతున్నారు. నేను అన్న ప్రతి మాటా మళ్లీ అనిపిస్తున్నారు. ఇంత గిరాకీ నా జన్మలో ఎరగను. ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి. పదకొండు చోట్ల నిజమే చెప్పానని తేలింది. అక్కడ ఎవరూ నా వంక రెండోసారి చూడలేదు. మూడు చోట్ల అబద్ధం. అక్కడ కో లియాంగ్‌కు భోజనం పెట్టి పంపించారు. ఈ లెక్క చూస్తే ఎవరికైనా ఏ సరుకు అమ్ముకోవాలో అర్థమవుతుంది.

కానీ రేపు తొలీరె సరస్సు పక్క తోటకు వెళ్లాలి. అక్కడ ఒక ముసలాయన కాగితంలో ఉన్న ఉత్తరాన్నే నమ్మి, ఆ గీత మీద ఇల్లు కట్టుకుని ముప్పై ఏళ్లుగా ఉంటున్నాడు. నేను నిజం చెప్పి ఉంటే ఆ ఇల్లు ఆయనది. కో లియాంగ్ ఇందాక నన్ను తుడిచి మూత పెట్టాడు. అక్కడి రాయి నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో నాకు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.